తిరగని బండి

కవుతరం దాటి కిలోమీటరైనా రాలేదు, కారు మళ్లీ ఆగిపోయింది. ఆగేముందు ఒక దగ్గు దగ్గింది, ఒక కుదుపు కుదిపింది, ఇక నా వల్ల కాదన్నట్టు కాలవ గట్టు పక్కన నిలబడిపోయింది. ఈ నెలలో ఇది మూడోసారి. అబ్దుల్ గఫార్ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి.

వెనక సీట్లో అతని భార్య హమీదా కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. పొద్దుటినుంచీ గుడివాడ ఆసుపత్రిలో డయాలసిస్ మిషను మీద ఉండి వస్తోంది. ఒంట్లో రక్తాన్ని బయటికి లాగి, కడిగి, మళ్లీ ఎక్కించేసరికి మనిషి పిండి ఆరేసిన గుడ్డలా అయిపోతుంది. మంగళవారం, గురువారం, శనివారం ఇదే వరస. సొంతూరు బందర్లో మంచం ఖాళీ లేదన్నారు, గుడివాడలో దొరికింది. దొరికిందే పదివేలనుకుని రెండేళ్లుగా తిరుగుతున్నారు.

"ఆగిందా?" అంది హమీదా కళ్లు తెరవకుండానే.

"ఆగింది."

"లేవనా?"

"పడుకో. లేచి నువ్వేం చేస్తావు."

గఫార్ దిగి బానెట్ ఎత్తాడు. ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని లోపలికి చూశాడు. చూడటమే గాని అందులో ఏది ఏమిటో అతనికి తెలియదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని నిజం. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపిన మనిషి. బందరు నుంచి గుడివాడ, బందరు నుంచి అవనిగడ్డ, ఏ మలుపులో గేదెలు అడ్డం వస్తాయో, ఏ కల్వర్టు దగ్గర గుంట పడిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇంజను సంగతి అడిగితే మాత్రం మొహం పక్కకు తిప్పుకుంటాడు. డిపోలో పద్ధతి అలాంటిది. డ్యూటీ దిగేటప్పుడు బ్రేకు లాగుతోందనో, గేరు పడటం లేదనో షీటు మీద ఒక ముక్క రాసి గ్యారేజీలో ఇచ్చేస్తే డ్రైవరు పని అయిపోయినట్టే. ఇంటికెళ్లి అన్నం తిని పడుకోవడమే. తెల్లారి వచ్చేసరికి బండి బాగై ఉండేది. ఎవరు బాగుచేశారో, ఏం చేశారో ఎవడికి కావాలి.

దారిలో ఆగిపోతే దానికీ ఒక పద్ధతుంది. కండక్టరు దిగి వెనకొచ్చే బస్సుకు చెయ్యెత్తేవాడు. ప్యాసింజర్లందర్నీ అందులోకి ఎక్కించేవాడు. ఆఖరి మనిషి ఎక్కేదాకా డ్రైవరు బండి దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. ఇప్పుడు కండక్టరు లేడు, ఉన్న ఒక్క ప్యాసింజరేమో బస్సెక్కలేని మనిషి. మొదట్లో బస్సులోనే తిరిగారు. ఒకసారి తిరుగు ప్రయాణంలో పెడన స్టాండు వచ్చేసరికి హమీదా బీపీ పడిపోయి సీట్ల మధ్య కుప్పకూలింది. నలుగురూ మోసి కింద పడుకోబెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్లు వాళ్ల వీధిలో ఉండే ముజీబ్ ఆటోలో వెళ్లారు. అందులో పడుకోవడానికి లేదు, ప్రతి గుంటా నడుములో తగిలేది. అప్పుడే కారు కొన్నాడు.

"కాస్త నీళ్లివ్వండి," అంది హమీదా.

రోజుకు ఆమె తాగగలిగినన్ని నీళ్లు పొద్దున్నే ఒక చిన్న సీసాలో పోసి దగ్గర పెట్టుకోవడం గఫార్ పని. ఎక్కువ తాగితే ఆ నీళ్లు బయటికి పోవు, కాళ్లలో, ఊపిరితిత్తుల్లో నిలబడిపోతాయి. సీసా మూత నిండా పోసి అందించాడు. ఆమె ఆ మూత వంక చూసి నీరసంగా నవ్వింది.

"పిచికకు పోసినట్టు పోస్తారండీ."

"సాయంత్రం దాకా రావద్దా మరి."

అతను పెడనలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న చాంద్‌కు ఫోన్ చేశాడు. మంగళవారం కూడా అతనికే చేశాడు.

కారు కొన్న కథ తల్చుకుంటే గఫార్‌కు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవర్నని ఏం లాభం, తనని తాను తిట్టుకోవాలి. చల్లపల్లిలో ధాన్యం వ్యాపారం చేసే యలమంద గారని ఉన్నారు. ఈ కారు మొదట ఆయన తన భార్య కోసం కొన్నారు. ఆవిడ లక్ష్మీకాంతం గారికి కారెక్కితే కక్కులు, బస్సెక్కితే హాయి. కొన్నేళ్లపాటు గఫార్ నడిపిన అవనిగడ్డ బస్సులో, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, కబుర్లు చెబుతూ తిరిగిన మనిషి. ఇంట్లో కారు పెట్టుకుని ఆవిడ టిక్కెట్టు కొనుక్కునేది. ఆ కారు ధాన్యం బస్తాల పక్కన, వాటికి కప్పే పట్టా కిందే పద్నాలుగేళ్లు ఉంది. యలమంద గారు రోజూ పొద్దున్నే పట్టా తీసి, తుడిచి, నిలబెట్టిన చోటే కాసేపు స్టార్టు చేసి ఆపేసేవారు. ఎప్పుడైనా ఒకసారి మోపిదేవి వెళ్లి సుబ్రహ్మణ్యస్వామికి దణ్ణం పెట్టుకుని వచ్చేవారు. అంతే తిరుగుడు.

"ఇరవై వేలు కూడా తిరగలేదు గఫార్ గారూ. కొత్త పెళ్లికూతురికింద లెక్క," అన్నారాయన తాళాలు ఇస్తూ. ఆ మాట అబద్ధం కాదు. ఆయన మోసం చేసే మనిషీ కాదు, అలాగే నమ్మారు. గఫార్ కూడా మీటరు వంకే చూశాడు. బస్సు రెండు మూడు నెలల్లో తిరిగే తిరుగుడు అది. లక్షలకు లక్షలు తిరిగిన బస్సులు నడిపిన వాడికి ఆ అంకె ఉయ్యాల్లో పిల్లలా కనిపించింది. బానెట్ ఎత్తి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఎత్తినా ఏం చూస్తాడు గనక.

చాంద్ స్కూటరు మీద వచ్చాడు. ఏదో లాగాడు, ఏదో ఊదాడు, కారు స్టార్టయింది. చేతులు తుడుచుకుంటూ గఫార్‌ను కాస్త దూరంగా కాలవ వైపు తీసుకెళ్లాడు.

"చాచా, ఇట్టా ఎన్నాళ్లు? బండి తిరిగి పాడవలా, తిరక్క పాడయింది. రబ్బరన్నది ఒక్కటి బాగాలేదు. అన్నీ అప్పడాల్లా విరిగిపోతున్నాయి. వైర్లు ఎలకలు కొరికాయి. ఇప్పుడు రోజూ రోడ్డెక్కేసరికి దాచుకున్న రోగాలన్నీ ఒకటొకటే బయటపెడుతోంది."

"మరేం చేద్దామంటావు?"

"రబ్బరంతా మార్చెయ్యాలి. మార్చినా దీన్ని రోజూ తిప్పాలి, రోజూ బానెట్ ఎత్తి మీరే చూసుకోవాలి. అంత ఓపిక లేదనుకోండి, ముదినేపల్లి కళ్యాణ్ గారు చేపల చెరువుల దగ్గర మేత బస్తాలు వేసుకోడానికి పాత కారు చూస్తున్నారు. రేపు పంపించనా?"

గఫార్ కారు వైపు చూశాడు. వెనక అద్దంలోంచి హమీదా చెయ్యి కనిపించింది, సూదులు గుచ్చిన చోట పట్టీతో. ఎండ నెత్తి మీద ఉంది. ముందు ఇంకా పెడన రావాలి, బందరు రావాలి, ఎల్లుండి మళ్లీ ఇదే దారి.

"పంపించు," అన్నాడు. "అమ్మేద్దాం. తల ప్రాణం తోకకొచ్చింది."

ఇంటికొచ్చాక, హమీదా మంచం మీద కుదురుకున్నాక ఆ మాటే చెప్పాడు. గొడవ పెడుతుందేమో అనుకున్నాడు. ఆ సీటు మీద పడుకోవడం ఆమెకు సుఖంగా ఉండేది మరి. హమీదా పైకప్పు వంక చూస్తూ విన్నది.

"అమ్మేయండి," అంది.

"నీకేం ఇబ్బంది కాదు కదా?"

"నాకేం ఇబ్బంది. అమ్మేయండి."

చెప్పొద్దూ, గఫార్‌కు నెత్తిమీద బరువు దించినట్టయింది. ఆ పూట చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు. మర్నాడు శుక్రవారం పొద్దున్నే సీసాలో నీళ్లు పోసి మంచం పక్కన పెట్టి, "రేపటికి ముజీబ్‌తో మాట్లాడనా? ఆటోలో వెనక పరుపు వేయిద్దాం," అన్నాడు.

"ఇప్పుడే ఎవరితోనూ మాట్లాడకండి," అంది హమీదా. "ముందు కారు సంగతి తేలనివ్వండి."

అదీ నిజమేలే అనుకుని స్నానం చేసి జుమ్మా నమాజుకు వెళ్లాడు. ఆ మాటలో ఏముందో అతనికి తట్టలేదు. అలిసిపోయిన మనిషికి తనకు అనుకూలమైన మాటే చెవికి ఎక్కుతుంది.

నమాజు నుంచి వచ్చేసరికి వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. హమీదా వంటింట్లో కుండ దగ్గర నిలబడి ఉంది. చేతిలో పెద్ద స్టీలు గ్లాసు. తల వెనక్కి వాల్చి గుటకలు వేస్తూ ఆపకుండా తాగుతోంది. గ్లాసు ఖాళీ చేసింది. మళ్లీ ముంచుకుంది. రెండేళ్లలో ఆమె అలా నీళ్లు తాగడం గఫార్ చూడలేదు. గడప దగ్గరే నిలబడిపోయాడు.

రెండో గ్లాసు సగం అయ్యాక ఆమె అతన్ని చూసింది. దాచలేదు. మిగతా సగం కూడా తాగి గ్లాసు బోర్లించింది.

"ఏంటది?" అన్నాడు.

"నీళ్లు."

"సీసాలోవి అయిపోయాయా?"

"సీసా ముట్టుకోలేదు." ఆమె గోడ పట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది. "బాగున్నాయండీ. కుండ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో."

"హమీదా, రేపు శనివారం. ఇన్ని నీళ్లు తాగి రేపు మిషనెక్కితే..."

"ఎక్కను."

గఫార్ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"బస్సు ఎక్కలేను," అంది ఆమె నెమ్మదిగా. కూరగాయల లెక్క చెబుతున్నట్టు ఉంది ఆ గొంతు. "ఆటోలో కూర్చోలేను. కారుంటే వెళ్లాలి. కారు లేకపోతే వెళ్లక్కర్లేదు. వద్దన్నానని ఎవరూ నన్ను అనరు, తీసుకెళ్లలేదని ఎవరూ మిమ్మల్ని అనరు. బండి లేదు, అంతే."

"అందుకా అమ్మేయమన్నావు?"

"నేననలేదు. మీరు అమ్ముదామన్నారు. నేను సరేనన్నాను." కొంచెం ఆగింది. "మీరూ అదే అనుకుంటున్నారేమోననుకున్నా."

ఇంతకన్నా ఆమె చెయ్యి చేసుకున్నా బాగుండేది. కాదని గట్టిగా అందామనుకున్నాడు. నిన్న ఆ ఎండలో, బానెట్ ముందు నిలబడి, ఇంకా ఎన్నాళ్లురా దేవుడా అని అనుకోలేదూ? అనుకున్నాడు. ఆ ఎన్నాళ్లన్నది కారు గురించో, ఇంకెవరి గురించో అప్పుడు విడదీసి చూసుకోలేదు. ఆమె చూసుకుంది.

"విసుగొచ్చింది హమీదా," అన్నాడు చివరికి. "అబద్ధమాడను. బండి మీద వచ్చింది. ఆ రోడ్డు మీద వచ్చింది. ఒక్కోసారి నీ మీద కూడా వచ్చింది."

"తెలుసు. నాకూ నా మీద వచ్చింది."

"కాని నువ్వు లేకపోతే బాగుండునని ఏనాడూ అనుకోలేదు. అది మాత్రం నమ్ము. నువ్వు వెనక సీట్లో లేకపోతే నేనెక్కడికి నడపాలి?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

"ప్యాసింజర్ని సగం దారిలో దించి ఇంటికొచ్చిన డ్రైవర్ని కాను," అన్నాడు.

"ప్యాసింజరే దిగుతానంటే?"

"స్టేజీ రాందే ఆపను."

"స్టేజీ ఎక్కడో మీకు తెలుసా ఏంటి," అంది హమీదా.

బయట హారన్ మోగింది. "గఫార్ గారూ, ముదినేపల్లి నుంచండీ. కారు చూద్దామని," అని ఎవరో కేకేశారు. ఇద్దరూ కదల్లేదు. హారన్ మళ్లీ మోగింది.

"ఒక మాట మీద ఉంటారా?" అంది హమీదా.

"చెప్పు."

"బండి నడిచినన్నాళ్లు వస్తాను. నీళ్లు మీరు పోసినన్నే తాగుతాను. బండి ఇక నడవదన్న రోజున నన్ను బలవంతం చెయ్యకూడదు. ఇంకో బండి కొనకూడదు. ముజీబ్‌నూ, ఎవర్నీ బతిమాలకూడదు."

ఇదెక్కడి బేరం, ఇలాంటి బేరం లోకంలో ఎవరైనా ఆడతారా అని అరుద్దామనిపించింది. కాని ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో పట్టుదల కూడా లేదు, ఉత్త అలసట. ఎక్కువ లాగితే ఆ కాస్తా తెగేలా ఉంది.

"సరే," అన్నాడు.

కళ్యాణ్ అప్పటికే కారు చుట్టూ తిరిగి డిక్కీ కొలతలు చూసుకుంటున్నాడు. మేత బస్తాలు బాగానే పడతాయని తేల్చుకున్నట్టున్నాడు, మొహం సంతోషంగా ఉంది. గఫార్ వెళ్లి డిక్కీ మూసేశాడు.

"అమ్మడం లేదండీ. ఏమనుకోవద్దు. అంత దూరం నుంచి రప్పించాను."

"అదేంటండీ. మేస్త్రి చెప్పాడు, దీంట్లో అన్నీ పోయాయని. నేను కాబట్టి తీసుకుంటున్నా."

"పోయాయండీ. బాగుచేయించుకుంటాను."

"ఈ డొక్కు బండి మీద మీకంత ప్రేమేంటండీ బాబూ," అని గొణుక్కుంటూ కళ్యాణ్ వెళ్లిపోయాడు. గఫార్ అన్నం కూడా తినకుండా కారు తీసి తిన్నగా పెడన వెళ్లాడు.

చాంద్ రబ్బరు గొట్టాలన్నీ మార్చాడు. బెల్టు మార్చాడు, ఎలకలు కొరికిన వైర్లకు కొత్తవి వేశాడు. గఫార్ పక్కనే నిలబడి ప్రతిదానికీ ఇదేంటి, అదేంటి అని అడిగాడు. చాంద్ మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆ తర్వాత చేతిలో స్క్రూడ్రైవరు పెట్టి మీరే బిగించండన్నాడు. శనివారం గుడివాడలో హమీదాకు ఆయాసం వచ్చింది, మిషను మీద కాళ్లు పట్టుకుపోయి ఏడ్చింది, నర్సు నీళ్ల గురించి చివాట్లు పెట్టింది. గఫార్ ఆ చివాట్లన్నీ తనే తిన్నాడు. కారు ఆగకుండా ఇల్లు చేరింది.

అప్పట్నుంచి ఆసుపత్రి లేని రోజుల్లో గఫార్ పెడన షెడ్డులోనే ఉండేవాడు. అరవై మూడేళ్ల వయసులో గోళ్లలో నల్ల గ్రీజు, చొక్కాకు ఆయిలు మరకలు. పాత డిపో మిత్రులు చూసి, ఏంటి భాయ్, రిటైరయ్యాక గ్యారేజీలో చేరావా అని వేళాకోళం చేశారు. చేసుకోనీ అనుకున్నాడు. పొద్దున్నే సీసాలో నీళ్లు పోయడం, బానెట్ ఎత్తడం, ఒక్కో గొట్టాన్నీ వేళ్లతో నొక్కి చూడటం, ఆ తర్వాతే టీ. బండి తిరగాలని చాంద్ అన్నాడు గనక మిగతా రోజుల్లో మంగినపూడి రోడ్డులో కాసేపు తిప్పుకొచ్చేవాడు. ఒక్కోసారి హమీదా కూడా వచ్చేది, ఉప్పుగాలికి కారు తుప్పు పట్టదా అని సణిగేది. గఫార్‌కు నిజంగానే ఆ భయం పట్టుకుని, ఇంటికొచ్చి కారంతా మంచినీళ్లతో కడిగేవాడు. అలసట ఏమీ తగ్గలేదు. ఇంకా పెరిగింది. కాకపోతే ఆ అలసటకు ఇప్పుడు చెయ్యడానికి ఒక పనుంది.

ఎండాకాలం సగమయ్యాక ఒక గురువారం, కవుతరం దాటాక, అదే కాలవ గట్టు దగ్గర కారు దగ్గింది. ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది.

గఫార్ తాళం తిప్పాడు. పలకలేదు. మళ్లీ తిప్పాడు. వెనక సీట్లో కదలిక వినిపించి అద్దంలో చూశాడు. హమీదా లేచి కూర్చుంది. ఎప్పుడూ అడిగే మాట అడగలేదు. ఆగిందా అనలేదు. అతని వంకే చూస్తోంది. ఆ బేరం ఇద్దరికీ గుర్తుంది.

దిగాడు. సీటు కింద స్క్రూడ్రైవరు తీసుకుని బానెట్ ఎత్తాడు. చాంద్ చెప్పిన వరసలో చూడటం మొదలుపెట్టాడు. బ్యాటరీ వైర్లు కదిపి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. బెల్టు ఉంది. పెట్రోలు వాసన రావడం లేదు. గాలి వెళ్లే లావుపాటి గొట్టం మీద చెయ్యి వేసేసరికి అది చేతిలోకి ఊడి వచ్చింది. క్లిప్పు వదులై జారిపోయి ఉంది. గొట్టాన్ని తోసి మూతికి ఎక్కించాడు. ఇనుము నిప్పులా ఉంది, రెండు వేళ్లు చురుక్కుమన్నాయి. వదల్లేదు. క్లిప్పు జరిపి, ఆపకుండా బిగించాడు.

వచ్చి తాళం తిప్పాడు. ఒకసారి గొణిగింది. రెండోసారికి స్టార్టయింది.

గఫార్ తలుపు వేసుకోకుండానే కూర్చుండిపోయాడు. కళ్లలో నీళ్లు వచ్చాయి, తుడుచుకుందామంటే చేతుల నిండా మసి. హమీదా సంతోషించిందో, నిరాశపడిందో తెలియదు. అద్దంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

"బాగైందా?" అంది ఆమె.

"అయింది. గొట్టం ఊడింది. ఏం లేదు."

"చాంద్ రాలేదు కదా?"

"నేనే చేశా."

ఇంజను చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"దాహంగా ఉంది," అంది హమీదా.

మూతలో పోసి ఇద్దామంటే చేతులు అలా ఉన్నాయి. సీసా మెడను రెండు వేళ్లతో పట్టుకుని, మొత్తం సీసాను అలాగే వెనక్కి అందించాడు. అందులో ఇంకా సగానికి పైగా నీళ్లున్నాయి. ఎండ మండిపోతోంది. ఎంత తాగినా అతను ఆపలేడు, ఆపకూడదని కూడా అనుకున్నాడు. చూపు రోడ్డు మీదే పెట్టుకున్నాడు.

వెనక మూత తిప్పిన చప్పుడు వినిపించింది. నీళ్లు పోసిన చప్పుడు, చిన్నగా, ఒక్క క్షణం. మళ్లీ మూత బిగించిన చప్పుడు. సీసా అతని భుజం పక్కనుంచి ముందుకు వచ్చింది.

"జాగ్రత్తగా పెట్టండి," అంది హమీదా, మళ్లీ పడుకుంటూ. "సాయంత్రానికి కావాలి."